కంప్యూటరు ఆజ్ఞలు - కర్మస్థాన నిర్ణయ విధానములు

యానామునకు ఉత్తరము వ్రాయువారిలో కొందరు ఇప్పటికిని ఒక పొరపాటు చేయుచుందురు. ఊరు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిదని వారెరుగుదురు. కనుక చిరునామా క్రింద పుదుచ్చేరి నగరపు పిన్‌కోడు వేయుదురు. మా యింటికి రావలసిన శుభలేఖ యొకటి ఇట్లే 605తో మొదలగు అంకెలు ధరించి, దక్షిణమునకు పోయి, మరల ఉత్తరమునకు మరలి, పెండ్లి జరిగిన వారమునకు చేరినది. తపాలావారి దోషమందు లేదు. వారు అంకెలు చెప్పినచోటికే సంచిని పంపిరి.

యానాము పిన్‌కోడు 533464. అందలి తొలి మూడంకెలు కాకినాడ, రాజమహేంద్రవరములకున్నవే. యానాము 1954 జూన్ వరకు ఫ్రెంచివారి పాలనలో నుండి, 1962 ఆగస్టు 16వ తేదీన న్యాయతః భారతదేశమున చేరి, పుదుచ్చేరి, కారైకాలు, మాహేలతోపాటు ఒకే పాలనలో నున్నది. అయినను పుదుచ్చేరి 605, కారైకాలు 609, మాహే 673, యానాము 533. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న అమలునకు వచ్చినది. ఊరు ఎవరి యేలుబడిలో నున్నదను విషయము దానికి ముఖ్యము కాదు. సంచి ఏ దారిన పోవలెను అనునదే ముఖ్యము.

కంప్యూటరులోని ప్రాసెసరు తనకు కావలసిన వస్తువును స్మృతిలో వెదకికొను తీరు సరిగా ఇట్టిదే. ఆజ్ఞలో సాధారణముగా వస్తువుండదు. చాలసార్లు పూర్తి చిరునామాయు నుండదు. ఉండునది దారి. ఈ దారులెన్ని విధములు, అవి యేల పుట్టెను, ఎచ్చట మోసపుచ్చును అనునది ఈ వ్యాసమున విషయము.

ప్రాసెసరు గైకొను ఆజ్ఞ ఒక చిన్న వాక్యము. అందులో క్రియ యొకటి: కూడుము, తెమ్ము, పెట్టుము, పోల్చుము. ఆ క్రియకు కర్మ యొకటి: దేనిని కూడవలెను, దేనిని తేవలెను. ఈ కర్మనే శాస్త్రజ్ఞులు ఆపరాండు అందురు. మన వ్యాకరణమున కర్మకు ద్వితీయా విభక్తి గురుతైనట్లు, ఆజ్ఞలో కొన్ని బిట్లు కర్మను ఏ రీతిగా గ్రహింపవలెనో తెలుపును. బిట్టనగా సున్నయో ఒకటో చూపు ఒక స్థానము. స్మృతి, అనగా మెమొరీ, వరుసగా అంకెలు వేసిన గదుల పేట వంటిది. గది అంకె చిరునామా, గదిలోనున్నది విలువ. ఈ రెండును అంకెలే. అదియే ఈ విద్యలోని చిక్కు. 3119 అను అంకెను చూచినంత మాత్రమున అది ఒక గది పేరో, ఒక అక్షరపు గురుతో, ఒకరి జీతమో చెప్పజాలము. ఆజ్ఞ దానిని ఏ విభక్తితో పలికినదో చూడవలెను.

సులభమైనవి రెండు విధములు. కర్మ ఆజ్ఞలోనే యుండుట మొదటిది: "ఐదు కూడుము" అన్నప్పుడు ఐదును వెదకబనిలేదు. ప్రాసెసరు చేతిలోనే యున్న కొలది రిజిస్టరులలో కర్మ యుండుట రెండవది. వీనిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

మూడవది ప్రత్యక్ష విధానము. ఆజ్ఞలో గది అంకెను పూర్తిగా వ్రాయుదురు. వినుటకిది అన్నిటికంటె సహజము. కాని స్థలము చాలదు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో 1960లో పనికి వచ్చిన టిఫ్రాక్ యంత్రమున 2048 గదులుండెను. ఒక గదిని పేర్కొనుటకు 11 బిట్లు చాలును. దాని పదము 40 బిట్లది గనుక ఇబ్బంది లేదు. హైదరాబాదులో 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను 1969లో వెలువరించిన టీడీసీ-12 పేరులోనే దాని కొలత కలదు: పదమునకు 12 బిట్లు. పండ్రెండు బిట్లతో 4096 గదులకు పేర్లు పెట్టవచ్చును. కాని ఆ పండ్రెండును గది పేరునకే పోయినయెడల క్రియను వ్రాయుటకు చోటెక్కడ?

ఈ కొలతగల యంత్రములలో లోకప్రసిద్ధమైనది 1965 నాటి పీడీపీ-8. ఈ చిక్కును అది తీర్చిన తీరు చూడదగినది. ఆజ్ఞలోని 12 బిట్లలో 3 క్రియకు పోయెను. మిగిలిన తొమ్మిదింటిలో 7 మాత్రమే గది అంకెకు. ఏడు బిట్లతో 128 గదులకంటె చూపలేము. కావున 4096 గదులను 128 గదులు గల 32 పుటలుగా విభజించిరి. మరియొక బిట్టు, "ఈ 7 బిట్లు నేనున్న పుటలోనివా, మొట్టమొదటి పుటలోనివా" యని చెప్పును. యానామునుండి కాకినాడకు ఇంటి టెలిఫోనున మాటలాడువారు 0884 త్రిప్పనక్కరలేదు. ఇరువురును ఆ సంఖ్య క్రిందివారే. పుదుచ్చేరికి మాటలాడవలెనన్ననో మొదటినుండి అన్ని అంకెలును కావలెను. పీడీపీ-8 పుట అట్టిదే. దగ్గరివారికి పొట్టి పిలుపు చాలును. దూరపు వారికొరకు మిగిలిన తొమ్మిదవ బిట్టు కలదు.

ఆ తొమ్మిదవ బిట్టు పేరు పరోక్షము. అది వెలిగినయెడల అర్థమిట్లు: "నేను చెప్పిన గదిలో నీవు వెదకు వస్తువు లేదు; ఆ వస్తువున్న గది అంకె యున్నది. దానిని చదివి అచ్చటికి పొమ్ము." ఇది మనకు క్రొత్త కాదు. చేపల వేటకు పోవువారికి, పనులకై ఊరూర తిరుగువారికి ఉత్తరము వ్రాయునపుడు ఫలాని కొట్టు వారి కేరాఫు అని వ్రాయుట కలదు. కొట్టువాని వద్ద ఒక చీటి యుండును. మనిషి నేడు కనకాలపేటలో నున్న దానిపై కనకాలపేట యనియు, రేపు మెట్టకూరునకు మారిన మెట్టకూరు అనియు నుండును. ఉత్తరములు వ్రాయు నూరుగురును ఏమియు మార్చుకొనబనిలేదు. చీటి యొకటి మారిన చాలును. పరోక్ష విధానమున బలమంతయు నిదియే. గదిలో పండ్రెండు బిట్లును చిరునామాకే ఉపయోగపడును గనుక 4096 గదులలో దేనినైనను చేరవచ్చును.

దీనికి వెల కలదు. పీడీపీ-8లో స్మృతిని ఒకమారు తాకుటకు సెకనులో పదిలక్షవ వంతులు ఒకటిన్నర పట్టును. సూటిగా కూడుటకు ఆజ్ఞను తెచ్చుటకొకమారు, కర్మను తెచ్చుటకొకమారు, వెరసి మూడు. కేరాఫు మీదుగా పోయిన నాలుగున్నర. ఆ యంత్రమున ఒక చమత్కారమును కలదు: 8 మొదలు 15 వరకు గల గదులను పరోక్షముగా తాకినప్పుడెల్ల అందలి అంకె తనంత తానే ఒకటి పెరిగి, పిమ్మట చిరునామాగా ఉపయోగపడును. జాబితాలో ఒక్కొక్క పేరునే చదువవలసిన పనికి ఇది మిగుల అనుకూలము.

కొందరు ఇంకను ముందునకు పోయిరి. చీటిలో మరియొక కొట్టు పేరుండవచ్చును, అచ్చటి చీటిలో ఇంకొక కొట్టు పేరు. 1969 నాటి నోవా యంత్రము ఇట్టి గొలుసును ఎంత దూరమైనను అనుసరించెడిది. రెండు చీటీలు ఒకదాని పేరు ఒకటి చెప్పుకొన్నచో ప్రాసెసరు ఆ రెండింటి నడుమ తిరుగుచునే యుండి, ఆజ్ఞ ముగియక నిలిచిపోయెడిది. పరోక్షమునకు హద్దులేకపోవుట మంచిది కాదని పిమ్మటి యంత్రశిల్పులు గ్రహించిరి.

ఇక సూచికా విధానము. దీని ప్రయోజనము తెలియవలెనన్న అది లేని కాలము నెరుగవలెను. 1949 మేలో కేంబ్రిడ్జిలో పనికి వచ్చిన ఎడ్సాక్ యంత్రమున మొదట సూచికా రిజిస్టరు లేదు. వరుసగా నూరు అంకెలను కూడవలెనన్న, ఆజ్ఞ తన వాక్యమునే దిద్దుకొనవలసి వచ్చెడిది: "500వ గదిని కూడుము" అను ఆజ్ఞను స్మృతినుండి తెచ్చి, దానికి ఒకటి చేర్చి, "501వ గదిని కూడుము" అని మార్చి, మరల దాచి, నడపుట. వంటవాడు ప్రతి ముద్దకును వంటపుస్తకము దిద్దుకొనుచు వండినట్లుండెను. ఆ యేడే మాంచెస్టరు యంత్రమున బి-రేఖ అను చిన్న నిలయము నమర్చిరి. సంచాయకము ఏ, నియంత్రణము సీ గనుక దీనికి బి అని పేరు. ఆజ్ఞలోని చిరునామాకు బి-రేఖలోని అంకెను కూడి, వచ్చిన మొత్తమును గది అంకెగా గ్రహింతురు. ఆజ్ఞ చెక్కుచెదరదు, బి మాత్రమే పెరుగును. కంప్యూటరు చరిత్రలో ఇంత చిన్న వస్తువు ఇంత గొప్ప మేలు చేసినది మరియొకటి లేదని నా యభిప్రాయము.

దీనికి తోబుట్టువు ఆధార విధానము. రిజిస్టరులో ఆధారపు అంకె, ఆజ్ఞలో దానినుండి ఎంత దూరమో తెలుపు చిన్న అంకె. 1964 ఏప్రిలులో ప్రకటితమైన ఐబీయం 360 యంత్రములలో చిరునామా 24 బిట్లది. కాని ఆజ్ఞలో 4 బిట్లు పదునారు రిజిస్టరులలో ఒకదానిని పేర్కొనుటకు, 12 బిట్లు దూరమునకు, వెరసి 16 మాత్రమే వ్రాసెడివారు. ఇందువలన స్థలము కలిసివచ్చుటయే కాదు, ఆధారమును మార్చిన అదే ఆజ్ఞ వేరొక చోట అదే పని చేయును.

ఈ విషయమును యానాములో కూర్చుండి వివరించుట మిక్కిలి సులభము. ఏలయన, ఈ చిన్న ప్రాంతమున మూడు లిపులు గలవు. 1965 నాటి అధికార భాషా చట్టము ననుసరించి పుదుచ్చేరి, కారైకాలులకు తమిళము, మాహేలో మలయాళము, యానాములో తెలుగు వాడుకకు వచ్చెను. స్మృతిలో అక్షరములుండవు, అంకెలుండును. 1991లో తొలిసారి వెలువడిన యూనికోడు పట్టికలో, అంతకుముందే మన దేశమున ఏర్పడిన ఇస్కీ పద్ధతి ననుసరించి, ఒక్కొక్క లిపికి 128 స్థానములు గల పుట నిచ్చిరి. దేవనాగరి పుట 2304వ స్థానమున, తమిళము 2944వ స్థానమున, తెలుగు 3072వ స్థానమున, కన్నడము 3200వ స్థానమున, మలయాళము 3328వ స్థానమున మొదలగును. పీడీపీ-8 పుటకును 128 గదులే యుండుట కాకతాళీయము. రెండుచోట్లను ఏడు బిట్ల బేరమే.

ప్రతి పుటలోను ఒకే శబ్దమునకు ఒకే దూరము. క యెల్లెడల 21వ స్థానమున నుండును. కావున తెలుగు క 3093, తమిళపు క 2965, మలయాళపు క 3349. యానాం అను మాటను తీసికొందము. య, దీర్ఘము, న, దీర్ఘము, సున్న: వీని దూరములు 47, 62, 40, 62, 2. వీనికి 3072 చేర్చిన 3119, 3134, 3112, 3134, 3074 అగును. ఇది తెలుగు యానాం. అదే యైదు దూరములకు ఆధారముగా 3328 నిలిపిన మలయాళపు యానాం సిద్ధమగును. కార్యక్రమమును వ్రాసినవాడు ఆజ్ఞలలో నొక్కదానిని కూడ ముట్టుకొనలేదు. ఆధారపు రిజిస్టరులో ఒక అంకెను మార్చెను. అక్షరమునకు రెండు బైట్ల చొప్పున స్మృతిలో వరుసగా దాచినప్పుడు ఎన్నవ అక్షరము కావలెనో ఆ సూచికను రెండుతో హెచ్చించి వరుస మొదటికి కూడవలెను. 1985 నాటి ఇంటెల్ 386 ప్రాసెసరులో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిదిలలో దేనితోనైనను ఈ హెచ్చవేత ఆజ్ఞలోనే జరుగును.

కాని తమిళపు ఆధారము 2944 నిలిపి చూతము. యానాం చక్కగానే వచ్చినట్లుండును. అయితే చివరి సున్నను తమిళులు వాడరు. వారి లిపిలో ఈ యూరిని ఏనాం అని మకారాంతముగా వ్రాయుటయు కలదు. గౌతమి యను మాట నిత్తుమా, చిక్కు స్పష్టమగును. గ దూరము 23. 2944కు 23 చేర్చిన 2967. తమిళ పుటలో 2967వ స్థానము శూన్యము. ఆ లిపిలో గకారమే లేదు. దంత్య చకారమునకు 2008లో తెలుగు పుటయందు 88వ స్థానము లభించెను. దేవనాగరి పుటలో 88వ స్థానమున చుక్క పెట్టిన క యున్నది. ఆధారమును మార్చిన చకారము కకారమగును. లెక్క తప్పలేదు. కూడిక సరియే, గది అంకె సరియే. ఆ గదిలో ఎవరున్నారను సంగతి కూడికకు తెలియదు. పింఛను పట్టీలోని పేరు ఇట్లు మారినయెడల, ముదుసలి యెవరో కార్యాలయపు మెట్టు నెక్కి తాను తానే యని ఋజువు చేసికొనవలసి వచ్చును.

సాపేక్ష విధానమనునది ఆధార విధానములోని ఒక భేదమే. ఇందు ఆధారము ఏదో రిజిస్టరు కాదు, ప్రాసెసరు ప్రస్తుతము చదువుచున్న ఆజ్ఞ యొక్క చోటే. "ఇక్కడినుండి నలువది గదుల ముందు" అని చెప్పుట. గౌతమి పొంగి గట్టు కోసికొనిపోగా ఒక పేటను పేటగా పైకి తరలించిరనుకొందము. ఇంటి అంకెలు మారును. "మా యింటికి మూడిండ్ల తూర్పున" అన్నమాట మాత్రము మారదు. అట్లే స్మృతిలో ఎచ్చట దించినను నడువగల కార్యక్రమములకు ఈ విధానము ప్రాణము. 1970 నాటి పీడీపీ-11 దీనిని మిక్కిలి సొగసుగా అమర్చినది. ప్రతి కర్మకును 6 బిట్లు: మూడు విధమునకు, మూడు రిజిస్టరునకు. ఎనిమిదవ రిజిస్టరు, అనగా సున్న మొదలు లెక్కించిన ఏడవది, ప్రాసెసరున్న చోటును చూపునదే. ఆజ్ఞలోనే అంకె నిచ్చు మొదటి విధానమునకు ఆ యంత్రమున వేరు ఏర్పాటే లేదు. "నేను నిలిచిన చోట నున్నదానిని తీసికొని ఒక అడుగు ముందునకు వేయుము" అన్న అదే యగును.

నేటి తీరు ఇంకను మితభాషి. 2010లో కాలిఫోర్నియాలోని బర్క్లీలో ఆరంభమై, మద్రాసు ఐఐటీ వారి శక్తి, సీడాక్ వారి వేగ ప్రాసెసరులకు ఆధారమైన రిస్క్-ఫైవ్ పద్ధతిలో స్మృతినుండి తెచ్చు సామాన్యమైన ఆజ్ఞలకు ఒక్కటే దారి: ఒక రిజిస్టరు, దానినుండి వెనుకకు 2048, ముందునకు 2047 వరకు దూరము. ఇదియు 12 బిట్లే. పరోక్షమునకు వేరు బిట్టు లేదు. రెండు ఆజ్ఞలు వ్రాసికొమ్మందురు. కొందరికిది పేదరికముగా తోచును. కాని కలిపిన మార్గములు తగ్గిన కొలది ప్రాసెసరు ఒకేమారు ఎక్కువ ఆజ్ఞలను నడపగలుగును.

పూర్తి చిరునామా వ్యర్థమని నా తాత్పర్యము కాదు. తపాలాశాఖ, హైదరాబాదు ఐఐటీ, జాతీయ దూరసంవేదన కేంద్రముల సహకారముతో 2025లో వెలువరించిన డిజిపిన్ అట్టిది. దేశపటమును పదునారు గళ్లుగా, ఒక్కొక్క గడిని మరల పదునారుగా, ఇట్లు పదిమారులు విభజించి, సుమారు నాలుగు మీటర్ల చదరమునకు పది గురుతుల పేరు పెట్టిరి. పదునారులో ఒకటి యన నాలుగు బిట్లు. పదింటికి నలువది, టిఫ్రాక్ పదమంత పొడవు. అది పుదుచ్చేరి నెరుగదు, కాకినాడ నెరుగదు, కేరాఫు నెరుగదు. దారి తప్పదు. కాని ఇల్లు మారినవానిని వెంబడింపదు.

ఇన్ని విధానములలో దేనిలోనైనను ప్రాసెసరు కూడిక చేసి గదికి పోవునే గాని, ఆ గది ఈ కార్యక్రమమునకు చెందినదా యని తనంత తానడుగదు. మాంచెస్టరు అట్లాసు యంత్రము 1962లో వచ్చిన నాటినుండి, ఆజ్ఞ చెప్పిన చిరునామాకును నిజమైన గదికిని నడుమ ఒక పట్టిక నుంచుట అలవడెను. ఆ పట్టికలోనే హక్కులను కూడ వ్రాసి, ఒకరి కార్యక్రమము పరుల పుటలోనికి చొరకుండ పిమ్మటి యంత్రములు కాపాడుచున్నవి. అయితే ఆ కాపుదల పుటల హద్దులకే. తన పుటలలో తానే ఒక గదికి బదులు ప్రక్క గదిని చెరుపుకొన్నచో పట్టిక ఊరకుండును.

2018 ఫిబ్రవరిలో జరిగినదానిని తెలుగువారు మరచియుండరు. ఆపిల్ వారి ఐఫోనులలో ఒక తెలుగు అక్షరము తెరపైకి రాగానే ఆ కార్యక్రమము కుప్పకూలెను. ఆ అక్షరము జ్ఞా. లోకమంతయు దానిని శపించినది. తెలుగే దోషమన్నట్లు వ్రాసిన పత్రికలును గలవు. స్మృతిలో ఆ అక్షరము ఐదంకెల వరుస: 3100, 3149, 3102, 8204, 3134. అనగా జ, పొల్లు, ఞ, అతుకవలదను కంటికి కనబడని గురుతు, దీర్ఘము. నాలుగవది తెలుగు పుటలోనిదే కాదు. మామూలుగా మనము వ్రాయు జ్ఞాలో అది యుండదు. ఆ వరుసలో అది జొరబడినప్పుడే చేటు కలిగెను. ఆ నెల 19వ తేదీన ఆపిల్ వారు ఐఓఎస్ 11.2.6ను వెలువరించి, స్మృతి చెడుటయే కారణమనియు, లోనికి వచ్చు వరుసను మరింత జాగ్రత్తగా పరీక్షించుట ద్వారా దానిని సవరించితిమనియు ప్రకటించిరి. మార్చినది కార్యక్రమమునే. ప్రాసెసరు కూడిక మునుపెట్లున్నదో అట్లే యున్నది.